కానుగతోపు నియమాలు

పులివెందులలో పులి ఎందులో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, చక్కెర మాత్రం మా వయసు వాళ్ళందరిలోనూ ఉంది. అందుకని రోజూ పొద్దున్నే పార్కుకు పోతాం. గేటు బయట ఒకామె కుండలో రాగి అంబలి పెట్టుకుని కూర్చుంటుంది. నాలుగు చుట్లు తిరిగినవాళ్ళు ఒక గ్లాసు తాగుతారు. రెండు చుట్లు తిరిగినవాళ్ళు రెండు గ్లాసులు తాగుతారు. నేను రెండో రకం. మొన్న ఒక పొద్దు ఆమె కుండ మీద మూత తీయగానే, రాత్రంతా పులిసిన అంబలి వాసన ముక్కుకు కొట్టింది. గ్లాసు అందుకోబోయిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. "ఏం సామీ, పులుపెక్కువైందా?" అని అడిగింది. కాదన్నాను. నాకది అంబలి వాసనగా తోచలేదు. అరవై ఏళ్ళ కిందట ప్రొద్దుటూరులో కానుగ చెట్ల కింద, బారుగా చాపిన నేత నూలు పడుగు మీద పట్టించే పులిసిన గంజి వాసన అది. ఆ వాసన వెనకాలే ఒక మనిషి నడిచి వస్తాడు. గోచి పెట్టి కట్టిన పంచె, చొక్కా లేని ఒళ్ళు, మోచేతుల దాకా గంజి. పేరు కొండయ్య. నేను కొండమామా అనేవాణ్ణి. ఆయన్ను ఎరగని మీకు ఆయన సంగతి చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పక తప్పదు. ఇన్నాళ్ళూ చెప్పకుండా తప్పించుకున్నది అందుకే.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరు చేరాను. మాది చక్రాయపేట దగ్గర చిన్న పల్లె. నాన్న గుడిలో అర్చకుడు. నా చదువు ఎస్సెల్సీ దగ్గర ఆగిపోయింది కానీ చేతిరాత మాత్రం ముత్యాలకోవ. రాయడానికి విషయం లేకపోయినా రాత బాగుండేది. అది చూసే ఒక పత్తి వ్యాపారి తన మండీలో ఉత్తరాలు రాసే గుమాస్తాగా పెట్టుకున్నాడు. ఊళ్ళో అందరూ ఆయన్ను షావుకారు అనేవాళ్ళు, నేనూ అదే అంటాను. అద్దెకు గది మగ్గాల వీధిలో దొరికింది. కొండమామ ఇంటి ముందరి గది. వెనక గదిలో గుంతమగ్గం ఉండేది. నేలలో గుంత తీసి, అందులోకి కాళ్ళు వదిలి కూర్చుని, పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దు కుంకేదాకా నేస్తారు. కిటికీ తెరిస్తే గాలికి పోగులు ఆరిపోయి తెగుతాయని తెరవరు. గుంతలో చెమ్మ, గదిలో నూలు దుమ్ము. ఆ గదిలో సగం మగ్గం ఉంటే తక్కిన సగం దగ్గు ఉండేది.

దగ్గు విషయంలో నేనూ తక్కువవాణ్ణి కాను. చిన్నప్పటినుంచీ ఉబ్బసం. నా ఊపిరితిత్తుల్లో ఊపిరి తక్కువ, తిత్తులు ఎక్కువ. ఆ ఇంట్లో దిగిన నాలుగో రోజు పొద్దున్నే అరుగు మీద కూర్చుని పిల్లికూతలు పెడుతుంటే, కొండమామ భుజాన పడుగు చుట్ట వేసుకుని బయటికి వచ్చాడు. వెనక ఆయన భార్య ఓబులమ్మత్త, చంకన గంజి కడవతో.

"ఏంది సామీ, రొమ్ములో పిల్లిని సాకుతాండావా?" అన్నాడు.

"ఉబ్బసం మామా."

"ఈ సందులోనే కూచుంటే అది పిల్లలు పెడ్తాది. లెయ్. మా యెంబడి తోపుకు రా."

తోపు మా వీధి చివర, పెన్నేటికి పోయే దోవలో ఉండేది. ఎవరో పెద్ద కుటుంబం వాళ్ళది. అన్నీ కానుగ చెట్లే. ఎండాకాలంలో కూడా కింద నేల తడిగుడ్డ పరిచినట్టు చల్లగా ఉండేది. వీధి వీధంతా తెల్లవారేసరికి అక్కడ చేరేది. ముప్ఫై గజాల పడుగును కర్రల మధ్య బిగించి చాపి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో ఆ కొస నుంచి ఈ కొసకు దువ్వుకుంటూ పోయేవాళ్ళు. ఎండ తగిలితే పోగు పెళుసవుతుంది. గాలి ఎక్కువైతే చిక్కు పడుతుంది. దుమ్ము పడితే గుడ్డే పాడవుతుంది. కాబట్టి ఎండ రాకముందే, చెట్ల నీడనే ఆ పని కావాలి. ఒక పడుగుకు పదిమంది పట్టాలి. ఇవాళ నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. రోజంతా గుంతలో మడుచుకుని ఉండే మనుషులు నిటారుగా నిలబడి, నడిచి, ఒకరినొకరు ఎగతాళి చేసుకుని, రొమ్ము నిండా గాలి పీల్చుకునేది ఆ రెండు గంటలే. వాళ్ళు దాన్ని పని అనుకున్నారు. అదే వాళ్ళ వైద్యమని వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు.

"సామి చేతికి కర్ర ఇయ్యండప్పా. కలం కంటే రవ్వంత బరువుంటాది, అంతే," అన్నాడు కొండమామ.

"గాలొస్తే సామి గూడా ఎగిరిపోతాడు మామా. పడుగును పట్టుకోవాల్నా, సామిని పట్టుకోవాల్నా?" అన్నారెవరో.

"ముందు పడుగును పట్టుకో. సామి ఏ చెట్టుకో తగులుకోనుంటాడు, దొరుకుతాడులే," అంది ఓబులమ్మత్త.

నా ఆయాసం వాళ్ళకు అనాయాసంగా దొరికిన వినోదం. అయినా రోజూ పోయాను. కుంచె పట్టుకునే పని నాకెవరూ ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే ఆ గుడ్డ కొన్నవాడి ఖర్మ. కొసన కర్ర పట్టుకుని నిలబడేవాణ్ణి. దువ్వడం అయిపోయాక అందరూ చెట్ల కింద కూర్చుని అంబలి తాగుతుంటే కొండమామ ఒక్కడే పడుగు వెంబడి వంగి, వేళ్ళతో పోగులను తడుముతూ ఆ కొస దాకా నడిచి మళ్ళీ వచ్చేవాడు. ఒకరోజు అడిగాను, ఏం చూస్తున్నావని.

"తెగిన పోగు."

"తెగితే కనబడదా మామా?"

"తెగింది అరుస్తాదా సామీ? గమ్మున పక్క పోగు మీద ఆనుకోనుంటాది. యాడో నిలబడి చూస్తే పడుగంతా బాగనే ఉంటాది. నడిచి చూడాల. దువ్వినోడే నడిచి చూడాల."

ఆ మాట నాకప్పుడు నేతపని గురించిన మాటగానే వినిపించింది. ఆరు నెలల్లో నా రొమ్ములో పిల్లి ఎటో వెళ్ళిపోయింది. మెట్లు ఎక్కగలిగాను. నవ్వితే దగ్గు రావడం మానేసింది. నాన్నకు ఉత్తరం రాస్తూ, ప్రొద్దుటూరు నీళ్ళు నాకు పడ్డాయని రాశాను. నాకు పడింది గాలి అని, దాన్ని నాకు చూపించినవాడు ఫలానా అని రాయలేదు.

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన ఒకటి రెండేళ్ళకు తోపు ఆసామి పోయాడు. వారసులు తోపును ఊరి బాగు కోసం దానమిచ్చారు. ఊరి పెద్దలు కొందరు కలిసి ఉద్యాన సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. దానికి మా షావుకారు అధ్యక్షుడు, రాతకోతలకు నేను. చుట్టూ కంచె వచ్చింది, గేటు వచ్చింది, సిమెంటు బల్లలు వచ్చాయి. మధ్యలో ఒక ఫౌంటెన్ కూడా వచ్చింది, నీళ్ళు మాత్రం రాలేదు. ఒకనాడు షావుకారు ఆకు వక్క నములుతూ నన్ను పిలిచి చెప్పాడు.

"పశువుల్ని రానీగాకు. కొమ్మలు నరకనీగాకు. బల్లల మీద ఉమ్మనీగాకు. ఇంత రాసి గేటుకు తగిలించు."

మూడే మూడు నియమాలు. అంత పెద్ద కాగితం మీద మూడు వాక్యాలు నాకు బోసిగా కనిపించాయి. నా రాతకు అది అవమానం అనుకున్నాను. మద్రాసు పోయివచ్చిన ఒకాయన అక్కడి క్లబ్బు బోర్డు గురించి చెప్పగా విన్నది జ్ఞాపకం ఉంది. దానికి నా పాండిత్యం జోడించి మూడింటిని పదకొండు చేశాను. పదకొండు కాబట్టి అవి ఏకాదశి నియమాలు. ఉపవాసం మాత్రం ఇంకొకరిది. నాలుగవది: "ప్రాతఃకాలమున సభ్యులకు మాత్రమే ప్రవేశము గలదు." ఏడవది: "వృత్తి సంబంధములగు పరికరములతో ప్రవేశింపరాదు." తొమ్మిదవది: "చొక్కా ధరింపనివారు ప్రవేశమునకు అనర్హులు." ఎవరి మీదా కోపంతో రాయలేదు. కోపం ఉన్నా కొంత నయమేమో, కనీసం ఆ మనుషులు కళ్ళ ముందు ఉండేవాళ్ళు. వాక్యం గుండ్రంగా కుదిరింది కదా అని రాశాను. షావుకారు చదవకుండానే సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం కాగితం ఇంటికి తెచ్చి, అరుగు మీద కొండమామకు చదివి వినిపించాను. నా గొప్ప వినేవాళ్ళు నాకు ఆ వీధిలో ఆయన తప్ప ఎవరున్నారు. ఆయన గుంతలోంచి లేచి వచ్చి, చెమట తుడుచుకుని, పురాణం వినేవాడిలాగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఏడవ నియమం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతట అదే కొంచెం తొందరపడింది. అంటే ఎక్కడో నాకు తెలుసునన్నమాట. తొమ్మిదోదాన్ని ఇంకా తొందరగా చదివేశాను.

"శానా బాగుండాది సామీ," అన్నాడు. "ఒక్క ముక్కా అర్థం గాలేదు గానీ చెవికి ఇంపుగా ఉండాది."

"తోపు బాగు కోసమే మామా."

"అంతే గదా మల్ల. నువ్వు రాసినావంటే బాగు కోసమే రాసింటావు."

అర్థం చెప్పడానికి అర నిమిషం పట్టేది. చెప్పలేదు.

వారం తరువాత పొద్దున్నే వీధంతా పడుగులు భుజాన వేసుకుని పోయి, కాసేపటికే తిరిగి వచ్చింది. గేటు కాపలాకు పెట్టిన చెన్నప్ప చదువుకున్నవాడు. బోర్డు చదివి, అర్థం కూడా విడమరిచి చెప్పాడట. కొండమామ నా కిటికీ ముందరినుంచే పోయాడు. నా వైపు చూడలేదు. చూడకపోవడం కూడా కోపం మాదిరి లేదు, చూస్తే నేనేమనుకుంటానో అన్నట్టు ఉంది.

ఆరోజు నుంచి పడుగులు సందులో చాపారు. రెండు పడుగులకు చోటు లేదు కాబట్టి వంతులు వేసుకున్నారు. ఎడ్లబండి వస్తే కర్రలు పీకి పక్కకు జరగాలి. పత్తి మిల్లుల దూది దుమ్ము ఎగిరి వచ్చి గంజి మీద పేరుకునేది. పక్కన నీడ లేదు కాబట్టి ఎండ నేరుగా తగిలి పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగేవి. అందరూ తొందర తొందరగా పని కానిచ్చి గుంతల్లోకి పోయేవాళ్ళు. ఎగతాళులు ఆగిపోయాయి. సాయంత్రం ఐదు గంటల తరువాత చొక్కా ఉంటే తోపుకు ఎవరైనా రావచ్చు, అది కూడా నియమాల్లో ఉంది. కానీ సాయంత్రం వెలుతురున్నంతసేపూ మగ్గం ఆడాల్సినవాళ్ళకు ఐదు గంటలకు తెరిచిన గేటు తెరిచినట్టు కాదు. ఏడాది తిరిగేసరికి వీధిలో ఒక ఇంటి దగ్గు ఆగితే పక్క ఇంటి దగ్గు అందుకునేది. నాకు మాత్రం సభ్యుల కార్డు ఉంది. రోజూ పొద్దున్నే పోయి, ఖాళీగా ఉన్న కానుగల కింద తిరిగేవాణ్ణి. పోకుండా ఉండవచ్చు. కానీ పిల్లి మళ్ళీ వస్తుందని భయం. ఊపిరాడటం మహా తీపి అని ఊపిరాడనివాళ్ళకే బాగా తెలుస్తుంది. నాకు తెలిసి కూడా, కంచె బయటివాళ్ళ కోసం ఏమీ చేయలేదు.

ఆ రోజుల్లోనే నాన్న నన్ను చూడటానికి వచ్చాడు. పొద్దున్నే పార్కు చూపిద్దామని తీసుకుపోయాను. నాన్న జన్మలో చొక్కా తొడుక్కున్నవాడు కాదు. గేటు దగ్గర నాకు తొమ్మిదో నియమం గుర్తొచ్చి కాళ్ళు ఆగాయి. చెన్నప్ప మాత్రం రెండు చేతులూ జోడించి గేటు బార్లా తెరిచాడు. "పెద్దసామికి చొక్కా ఏంటికి సామీ," అన్నాడు. అప్పుడే సందులో చోటు దొరకని పడుగును భుజాన మోసుకుంటూ కొండమామ కంచె పక్కనుంచి ఏటి వైపు పోతున్నాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఇద్దరికీ చొక్కా లేదు. నాన్న ఆయన్ను పలకరించి, కానుగ నీడ ఎంత చల్లగా ఉందో చెప్పాడు. "ఔ సామీ, శానా చల్లగుంటాది," అన్నాడు కొండమామ. నేను చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

తరువాతి చలికాలంలో కొండమామకు మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడె విసరడానికి కూడా ఊపిరి చాలకుండా పోయింది. ఓబులమ్మత్త ఆయన్ను బస్సులో జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయింది. రెండు వారాల తరువాత ఒక ఆదివారం నేను చూడటానికి పోయాను. మనిషి చచ్చి బతికినట్టు ఉంటాడని భయపడుతూ పోతే, ఆరుబయట వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని పక్క మంచం ఆయనతో ఏదో వాదిస్తున్నాడు. ముఖంలో మళ్ళీ రక్తకళ కనిపించింది. ముసలి డాక్టరు ఒకాయన వచ్చి రొమ్ము పరీక్ష చేశాడు.

"టీబీ కాదు. పత్తి దుమ్ము, గుంతలో చెమ్మ," అన్నాడు నాతో. "నేను ఇచ్చిన మందు సగం పని చేసింది, ఈ చెట్ల గాలి సగం పని చేసింది. నా సగం సీసాలో పోసి పంపిస్తాను. ఆ రెండో సగం ఎట్లా పంపేది? మీ ఊళ్ళో చెట్లున్నాయా?"

నేను నోరు తెరిచేలోపే కొండమామ అందుకున్నాడు.

"లేకేం సార్. కానుగతోపుండాది. మా సామే చూసుకుంటాడు దాన్ని. అన్నీ ఈ సామి చేతిలోనే."

గర్వంగా అన్నాడు. డాక్టరు నన్ను మెచ్చుకోలుగా చూసి చీటీ రాశాడు. ఈ రోగి రోజూ ఉదయం రెండు గంటలు చెట్ల కింద ఉండాలని, అది మందుతో సమానమని. నా చేతిలోనే పెట్టాడు. నేను దాన్ని కొండమామకు ఇచ్చాను.

ఇంటికి వచ్చిన మరునాడు పొద్దున్నే కొండమామ పెట్టె తీసి, పెళ్ళిళ్ళకు మాత్రమే తొడుక్కునే చొక్కా తొడుక్కుని, చీటీ జేబులో పెట్టుకుని గేటు దగ్గరికి పోయాడు. చెన్నప్ప చొక్కా చూసి సరేనన్నాడు. కార్డు యాడ అన్నాడు. చీటీ చూపిస్తే, దీని మీద సంఘం వాళ్ళ దస్కత్తు తెస్తే విడుస్తానన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పులేదు. ఆ మధ్యాహ్నం ఓబులమ్మత్త చీటీ మండీకి తెచ్చి, నా చేతికిచ్చి, గడప బయట నిలబడింది.

లోపల షావుకారు గద్దె మీద కూర్చుని పొరుగూరి పెద్దమనుషులతో మాట్లాడుతున్నాడు. అంతకుముందే వాళ్ళకు నన్ను చూపించి, "పార్కును అద్దం మాదిరి ఉంచినాడు, ఒక్క పురుగును రానీడు," అని అన్నాడు. ఆ పొగడ్త ఇంకా నా చెవుల్లో ఉంది. ఇప్పుడు పోయి, పురుగు కాదు మనిషి, లోపలికి రానిద్దామా అని అడగాలి. అడిగితే నియమాలు రాసినవాడివి నువ్వే మినహాయింపులు తెస్తావా అంటాడేమో. నవ్వుతాడేమో. ఆ పెద్దమనుషులు కూడా నవ్వుతారేమో. పది అడుగుల దూరం. లేవలేదు. చీటీ తిరగేసి వెనక వైపు నా ముత్యాల్లాంటి రాతతో రాశాను: "నియమావళి యందు ఇట్టి మినహాయింపునకు వీలు లేదు." కింద సంతకం పెట్టాను.

"ఏం రాసినావు సామీ?" అని అడిగింది ఓబులమ్మత్త. ఆమెకు చదువు రాదు.

"ఇప్పట్లో కుదరదని అత్తా. చూద్దాం, మాట్లాడతా."

"అట్లనా," అని చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. "నువ్వే ఉండావు గదా ఆడ. నీకు తెల్దా."

చైత్రం వచ్చింది. కొండమామ మంచం వీధిలో, మా అరుగు పక్కన వేశారు. ఇంట్లో కంటే ఆ సందు గాలే నయమని. నేను పార్కు నుంచి వచ్చేసరికి మెలకువగా ఉండేవాడు. "కానుగ పూసిందా సామీ?" అని రోజూ అడిగేవాడు. ఇంకా లేదు మామా, మొగ్గ మీదుంది మామా, అని నాలుగు రోజులు చెప్పాను. ఐదో రోజు నుంచి ఆ ప్రశ్నకు ఎదురుపడలేక వెనక సందులోంచి వచ్చి, గబుక్కున గదిలో దూరడం మొదలుపెట్టాను. ఒకరోజు పట్టుకున్నాడు.

"సామీ, కనబడకుండా పోతివే. కానుగ పూసిందా?"

"తెలీదు మామా. నేనూ పోవడం లేదు. మండీలో పని ఎక్కువగా ఉంది."

"అయ్యో, అట్ల చేయగాకు. పనిదేముండాది. నీ పిల్లి మల్లొస్తాది." నా తల వైపు చూశాడు. "ఇట్రా. కొంచెం వంగు."

వంగాను. చెయ్యి చాచడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నా జుట్టులో వేళ్ళు పెట్టి, ఏదో తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తెల్లటి చిన్న పువ్వు, అంచున లేత ఊదా రంగు. పొద్దున తోపులో చెట్టు కింద నిలబడినప్పుడు రాలింది.

"పూసిండాదే," అన్నాడు.

ఆ పువ్వును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ పెట్టుకున్నాడు. "ఈ యేడు ముందే పూసింది," అన్నాడు, నాతో కాదు. నేను వంగిన నడుము ఎత్తడం మరిచిపోయి అట్లాగే ఉన్నాను. ఆ తరువాత జీవితంలో చాలామంది ముందు వంగాను, అవసరం ఉండి, భయం ఉండి. అంత బరువుగా ఎన్నడూ వంగలేదు.

ఆ వానాకాలం దాటకుండానే కొండమామ పోయాడు. కర్మలు ముగిసిన మరుసటి రోజు నేను రెండు పేజీల విన్నపం రాసుకుని షావుకారు దగ్గరికి పోయాను. ఉద్యోగం పోయినా సరే అనుకున్నాను. బతికున్నప్పుడు రాని ధైర్యం ఇప్పుడెందుకో నాకే తెలియదు. ఆయన కాగితం ముట్టుకోలేదు.

"ఏంది కత? నోటితో చెప్పు."

చెప్పాను. మగ్గంవాళ్ళు పొద్దున్నే పడుగు చాపుకోవడానికి రావాలి, ఆ గాలి లేక వాళ్ళ రొమ్ములు పాడవుతున్నాయి, మా ఇంటాయన పోయాడు.

"చాపుకుంటే పాయె. వద్దన్నదెవురు?"

"నియమాలు సార్. నాలుగోది, ఏడోది, తొమ్మిదోది."

బోర్డు పీకించి తెప్పించి, కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి చదివాడు. వేలితో లెక్కపెట్టాడు.

"నేను చెప్పింది మూడు. ఇన్ని ఏంటికి రాసినావు?"

వాక్యం గుండ్రంగా వచ్చిందని ఎట్లా చెప్పేది.

"కొట్టేయ్," అని ఆకు వక్క ఉమ్మడానికి లేచాడు. ఆయన తిరిగి వచ్చేలోపు కొట్టేశాను. అంతే పట్టింది. ఆయన గొప్పవాడని నేననను. చదవకుండా సంతకం పెట్టినవాడు, రెండేళ్ళు ఆ గేటు లోపల తిరిగి, అక్కడ ఎవరు లేరో గమనించనివాడు. కానీ ఆ మధ్యాహ్నం నేను లేచి పది అడుగులు నడిచి ఉంటే ఇదే మాట అనేవాడు. ఆ మాట అనడానికి ఆయనకు పట్టే సమయం అప్పుడైనా ఇంతే.

మగ్గాల వీధి మళ్ళీ తోపుకు వచ్చింది. మొదటి రోజు ఓబులమ్మత్త మరిదితో కలిసి పడుగు తెచ్చింది. నన్ను చూసి కొంగు ముడి విప్పి, నలిగిపోయిన చీటీ తీసి ఇచ్చింది.

"నీ రాత ఉండాది దీని మీద. మాకేంటికి, నువ్వే పెట్టుకో."

"ఏం రాశానో తెలుసా అత్తా?"

"తెల్సు. చెన్నప్ప ఆ పొద్దే సదివి చెప్పినాడు."

"మామకు?"

"ఆయప్పకు గూడా తెల్సు. సామిని అడగొద్దు అన్నాడు. ఊపిరి చాలని మనిషి, బయపడింటాడు, గమ్మునుండు అన్నాడు."

అంటే నా జుట్టులోంచి ఆ పువ్వు తీసినప్పుడు ఆయనకు అంతా తెలుసు. కొసన కర్ర పట్టుకోమని ఎవరో పిలిచారు. పోయి పట్టుకున్నాను. కలం కంటే కొంచెం బరువే.

తరువాత నాకు ప్రభుత్వోద్యోగం దొరికింది. జమ్మలమడుగులో కొన్నేళ్ళు, పులివెందులలో కొన్నేళ్ళు రాతపనే చేశాను. ఏ ఉత్తర్వు రాసినా, అది ఎక్కడ అమలవుతుందో అక్కడికి ఒకసారి నడిచి పోయి చూడాలని నియమం పెట్టుకున్నాను. నేను పెట్టిన నియమాల్లో నన్ను కట్టేసింది అదొక్కటే. అన్నిసార్లూ నడిచానని చెప్పను. ఎండగా ఉన్న రోజులున్నాయి, పై అధికారి తొందరపెట్టిన రోజులున్నాయి. నడవని చోట ఏ పోగు తెగి పక్క పోగు మీద ఆనుకుని ఉండిపోయిందో నాకు తెలియదు. నడిచిన చోట్ల మాత్రం, ప్రతిసారీ, ఒకటి కనబడింది.

మొన్న అంబలి గ్లాసు చేతిలో పట్టుకుని ఇదంతా తలుచుకుంటుంటే, ఎండ అప్పుడే అంబలి అమ్మే ఆమె ముఖాన పడుతోంది. గేటుకు ఆరడుగుల లోపల చెట్టు నీడ ఉంది.

"లోపల నీడకు కూర్చోకూడదా అమ్మా?" అన్నాను.

"కుండతో రానీరు సామీ. బోర్డుండాది గదా."

ఐదేళ్ళుగా ఆ గేటులో పోతూ వస్తూ ఆ బోర్డు నేను చదవలేదు. అప్పుడు చదివాను. ఎవరు రాశారో గానీ, వాక్యం గుండ్రంగా ఉంది. గ్లాసు కింద పెట్టి, ఎవరిని అడగాలో కనుక్కుని, ఆ పార్కు సంగతి చూసే ఆఫీసుకు పోయాను. మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. అడిగాను. అక్కడ కూర్చున్న కుర్రాడు సోమవారం రమ్మన్నాడు. సోమవారం పోతాను, మళ్ళీ రమ్మంటే మళ్ళీ పోతాను.

ఆ పార్కులో కూడా కానుగలు ఉన్నాయి. పూత కాలం వస్తే బాట కనబడదు. నడక ముగించుకుని ఇంటికి వచ్చి, గుమ్మంలో ఆగి, తల దులుపుకుని లోపలికి పోవడం నాకు అలవాటు. నా తల మీద పువ్వు నిలవడానికి వెంట్రుకలు లేక ఇరవై ఏళ్ళయిందని ఇంట్లో అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అయినా దులుపుకుంటాను.